భారతదేశంలో ఇంధన రాయితీలు

'''భారతదేశంలో ఇంధన రాయితీలు''' అనగా వంటగ్యాసు, కిరోసిన్, డీజిల్, విద్యుత్తు వంటివి ప్రజలకు అసలు ఖర్చు కంటె తక్కువ ధరకు లభించుటకు గాని, కొత్త ఇంధన వనరులు నిలదొక్కుకొనుటకు గాని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు అందించే ఆర్థిక సహాయం. వాడుకలో వీటిని సబ్సిడీలు అంటారు. కొన్ని రాయితీలు బడ్జెట్టులో నేరుగా కనిపిస్తాయి. పన్ను మినహాయింపులు, ప్రభుత్వరంగ సంస్థలు భరించే నష్టాలు అంత సులభంగా కనిపించవు. అందువలన ఏ ఇంధనానికి ఎంత సహాయం అందుతున్నదో పోల్చి చెప్పడం కష్టం.

== పెట్రోలియం ఉత్పత్తులు ==
పెట్రోలియం ఉత్పత్తుల ధరలను ప్రభుత్వమే నిర్ణయించే విధానం 2002 ఏప్రిల్ 1న రద్దయింది. అయినను ముడిచమురు ధర పెరిగినపుడు చిల్లర ధరలను ప్రభుత్వం అదుపులోనే ఉంచింది. చమురు సంస్థల నష్టంలో కొంత భాగానికి నగదుకు బదులు బాండ్లు ఇవ్వబడినవి. అనగా భారం తొలగలేదు, తరువాతి సంవత్సరాలకు వాయిదా పడింది. 2010 జూన్‌లో పెట్రోలుపై, 2014 అక్టోబరులో డీజిల్‌పై ధరల నియంత్రణ ఎత్తివేయబడింది.

పేదల ఇళ్ళలో దీపానికి, పొయ్యికి ఉద్దేశించిన చౌకధరల దుకాణాల కిరోసిన్, డీజిల్‌తో ఉన్న ధర వ్యత్యాసం వలన కల్తీకి దారి మళ్ళేది. 2016 నుండి దాని ధరను కొద్దికొద్దిగా పెంచి, 2020 నాటికి కేంద్రం ఈ రాయితీని తొలగించింది.

== వంటగ్యాసు ==
1999లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన దీపం పథకం, 2016 మే 1న దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఉజ్జ్వల పథకం పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు అందించినవి. అయితే కనెక్షన్ ఇచ్చినంత మాత్రాన పొయ్యి వెలగదు. సిలిండరు తిరిగి నింపించుకొనే స్తోమత లేని కుటుంబం మరల కట్టెల వైపే చూస్తుంది. ఈ కారణంగా ఉజ్జ్వల లబ్ధిదారులకు 2022 మేలో సిలిండరుకు 200 రూపాయల రాయితీ ప్రకటించబడింది. 2023 అక్టోబరులో అది 300 రూపాయలకు పెరిగింది.

== వ్యవసాయ విద్యుత్తు ==
విద్యుత్ ఛార్జీల పెంపునకు వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న హైదరాబాదులోని బషీర్‌బాగ్‌లో జరిగిన ఆందోళనపై పోలీసు కాల్పులలో ప్రాణనష్టం జరిగింది. 2004లో ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్తును ప్రవేశపెట్టారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా మొదలైంది.

దీనిపై రెండు వాదనలున్నాయి. కాలువ క్రింది రైతుకు ప్రభుత్వ ఖర్చుతో నిర్మించిన ప్రాజెక్టు నీరు అందుతుంది. మెట్ట ప్రాంతపు రైతు మాత్రం అప్పుచేసి బోరు వేయించుకొంటాడు. కావున అతనికి ఉచిత విద్యుత్తు న్యాయమేనని సమర్థకుల వాదన. నీటిని తోడుటకు ఖర్చు లేనపుడు భూగర్భజలం అడుగంటుతుందని, బోరుబావి లేని కౌలుదారుకు, కూలీకి ప్రయోజనం నేరుగా చేరదని విమర్శకులు అంటారు.

2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షను ప్రకారం రాయితీ సొమ్మును రాష్ట్ర ప్రభుత్వం పంపిణీ సంస్థలకు ముందుగానే చెల్లించాలి. చెల్లింపులు ఆలస్యమైనపుడు ఆ సంస్థలు అప్పులపాలవుతాయి. వ్యవసాయ సరఫరా భారంలో కొంత పరిశ్రమలు, వాణిజ్య వినియోగదారుల ఛార్జీలపై పడుతుంది.

== బొగ్గు, సౌరశక్తి ==
2010లో బొగ్గుపై టన్నుకు 50 రూపాయల సుంకం విధించబడింది. 2016 నాటికి అది 400 రూపాయలైంది. 2017లో జీఎస్టీ పరిహార సెస్సులో కలిసిపోయి, 2025 సెప్టెంబరు 22న రద్దయింది. అదే సమయంలో బొగ్గుపై జీఎస్టీ 5 నుండి 18 శాతానికి పెరిగింది.

జాతీయ సౌర మిషన్ 2010లో మొదలైంది. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన పీఎం సూర్యఘర్ పథకం క్రింద ఇంటి పైకప్పుపై 3 కిలోవాట్లు, అంతకు మించిన సౌరఫలకాలకు 78,000 రూపాయల వరకు రాయితీ లభిస్తుంది. సొంత పైకప్పు, మొదటి పెట్టుబడి ఉన్నవారికే ఇది సులభం.

== రాయితీల తీరు ==
పై ఉదాహరణలను బట్టి, రాయితీ పరిమాణం కంటె అది ఎవరికి చేరుతున్నది, ఆ ఖర్చును ఎవరు భరిస్తున్నారు అనేవే ముఖ్యమని తెలుస్తుంది. కిరోసిన్ రాయితీ వలె కొన్ని తొలగిపోయినవి. ఉచిత విద్యుత్తు వంటివి జీవనాధారంతో ముడిపడి ఉండుట వలన, ప్రత్యామ్నాయం చూపకుండా వాటిని తగ్గించుట ఏ ప్రభుత్వానికీ సులభం కాదు.