తేలు విషం జాడ తీసే లెక్కలు

మహారాష్ట్రలోని నాందేడ్ చుట్టుపక్కల పల్లెల్లోనూ, సరిహద్దుకు ఇవతల తెలంగాణలోనూ ఎర్రతేలు కుట్టిందంటే పసిపిల్లల ప్రాణాలకే ముప్పు. ఆ విషం నరాల కణాల పొరలో సోడియం అయాన్లు వెళ్లే సన్నని దారులను, అంటే అయాన్ ఛానళ్లను, సరిగా మూసుకోనివ్వదు. నరాలు అదుపు తప్పి, ఒంట్లో అడ్రినలిన్ వంటి రసాయనాలు వెల్లువెత్తి, గుండె దెబ్బతింటుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అదే రాష్ట్రంలోని మహాడ్‌లో వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ మాత్రతో ఎన్నో ప్రాణాలు నిలిపారు. ఆ మందు విషం తెచ్చిన ఉపద్రవాన్ని అణచివేస్తుందే తప్ప, అయాన్ ఛానల్‌ను పట్టుకున్న విషాన్ని విడిపించదు. ఆ పట్టు ఎక్కడ, ఎలా అన్నది కంప్యూటర్ సిమ్యులేషన్‌తో వెతకవచ్చు. ఆ పని నాందేడ్‌లోనే జరగాలి.

ఛానల్ కంటికి కనబడకముందే లెక్క దాన్ని పసిగట్టింది. 1952లో శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ నరాల్లో విద్యుత్ పాకే తీరును సమీకరణాల్లో పెట్టారు. అలాంటిదే అయిన పొటాషియం ఛానల్ నిర్మాణాన్ని శాస్త్రవేత్త మెకిన్నన్ బృందం చూపింది 1998లో. అయితే నిర్మాణం నిశ్చలచిత్రం. ఛానల్‌లోంచి సెకనుకు దాదాపు పది కోట్ల అయాన్లు సాగిపోతాయి. ఆ కదలికను చూడాలంటే ప్రతి పరమాణువు మీద పనిచేసే బలాలను క్షణక్షణం లెక్కగట్టాలి; సిమ్యులేషన్ చేసేది అదే. 1977లో ప్రోటీన్ మీద జరిగిన తొలి సిమ్యులేషన్ పది పికోసెకన్లు కూడా సాగలేదు. 2010 నాటికి అది మిల్లీసెకను దాకా వచ్చింది.

లెక్క తేల్చిందల్లా నిజమేనా అన్న సందేహం న్యాయమైనదే. ఛానల్‌లో పొటాషియం అయాన్ల మధ్య నీటి అణువులు కూడా వెళ్తాయా లేదా అన్నది ఇంకా తెగని వివాదం; బలాలకు పెట్టుకున్న అంచనా మారితే ఫలితమూ మారవచ్చు. అందుకే తుది తీర్పు ప్రయోగశాలదే. కానీ ఏ ప్రయోగం చేయాలో చెప్పేది సిమ్యులేషన్. ఖరీదైన ప్రయోగాలు గుడ్డిగా చేయలేని చోట దాని అవసరం మరీ ఎక్కువ.

చిన్న విశ్వవిద్యాలయాలకు ఇది తలకు మించిన పని అనేవారూ ఉంటారు. కానీ సిమ్యులేషన్ చేసే గ్రోమాక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ప్రోటీన్ డేటా బ్యాంక్‌లోని నిర్మాణాలూ ఉచితమే. మంచి గ్రాఫిక్స్ కార్డున్న ఒక్క కంప్యూటర్‌తో మొదలుపెట్టవచ్చు. కొరత పెద్ద యంత్రాల దగ్గరే. 2015లో రూ.4,500 కోట్లతో తలపెట్టిన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద పుణె ఐసర్‌లో పరమ్ బ్రహ్మ, హైదరాబాద్ ఐఐటీలో పరమ్ సేవ అనే సూపర్‌కంప్యూటర్లు ఉన్నాయి. నాందేడ్ ఆ రెండు నగరాల నడుమ ఉంది. అక్కడి స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం లాంటి సంస్థలకు ఆ యంత్రాలపై ఏటా కొన్ని గంటలు కేటాయించాలి, శిక్షణా ఇవ్వాలి. తేలుకాటు బాధ ఎరిగిన ఊళ్ల పిల్లలకే దాని గుట్టు విప్పే అవకాశం దక్కడం న్యాయం.