మేడ మీద మిషన్ సరే, మనిషికి దారేదీ?

మా బెజవాడలో కొత్త షోరూం తెరుస్తున్నారంటే ముందు ఇంటీరియర్ వాళ్లు దిగుతారు, తర్వాత లైటింగ్ వాళ్లు, ఆపైన గాజు తలుపుల వాళ్లు. ప్రారంభోత్సవం కార్డులు అచ్చయ్యాక ఏసీ వాళ్లం గుర్తొస్తాం. "ఔట్‌డోర్ యూనిట్లు ఎక్కడ పెడదామండీ?" అని అడిగితే ఓనరుగారు చూపుడువేలు పైకెత్తుతారు. పైకి వెళ్లి చూస్తే నీళ్ల ట్యాంకులు, సెల్ టవరు, సోలార్ పలకలు, పాత ఫ్లెక్సీల గుట్ట. మిగిలిన మూల మాకు.

ఏసీ కాంట్రాక్టరుగా బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు మేడలు ఎక్కీ దిగీ నా జుట్టు నెరిసింది. నేను కోరేది ఒక్కటే. వాణిజ్య భవనానికి ప్లాన్ ఇచ్చేటప్పుడు పార్కింగ్ ఎంత వదిలారని చూసినట్టే, ఏసీ యంత్రాలు మేడ మీద ఎక్కడ కూర్చుంటాయి, వాటి దగ్గరికి మనిషి ఎలా వెళ్తాడు అన్నది కూడా చూడాలి. అది లేని ప్లాను వెనక్కి పంపాలి.

ముందు బరువు సంగతి. మనుషులు తిరిగే మేడ స్లాబును మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కన డిజైన్ చేస్తారు. ఎవరూ ఎక్కని కప్పయితే అందులో సగమే. చాలా గదులను ఒకేసారి చల్లబరచడానికి ఆఫీసులకు పెట్టే పెద్ద వీఆర్‌ఎఫ్ ఔట్‌డోర్ యూనిట్ ఒక్కటే సుమారు 300 కిలోలు తూగుతుంది. అది కూర్చునేది ఇంచుమించు ఒక్క చదరపు మీటరులో. పైగా నడుస్తున్నంతసేపూ అదురుతూ ఉంటుంది. ఆ బరువు బీముల మీదికి దిగేలా ఇనుప ఫ్రేము వేసి, కింద రబ్బరు ప్యాడ్లు పెట్టాలి. స్లాబు పోసిన రోజే నాలుగు దిమ్మెలు కట్టించుకుంటే అయ్యే ఖర్చు కొద్ది బస్తాల సిమెంటు. కట్టించరు. వాటర్‌ప్రూఫింగ్ అంతా అయ్యాక బోల్టుల కోసం డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని మేము ఎక్కాలి. శ్రావణంలో నాలుగు వానలు పడగానే కింద పట్టుచీరల కౌంటరు మీద బొట్లు రాలతాయి. ఇక బిల్డరు మమ్మల్ని, మేము బిల్డరునీ!

బరువుకైనా ఫ్రేము ఉంది. దారికి ఏమీ లేదు. వన్‌టౌన్‌లో ఒక బట్టల దుకాణం. మెట్లు మూడో అంతస్తుతో సరి. అక్కడి నుంచి గోడకు బిగించిన నిలువు ఇనుప నిచ్చెన. మా కుర్రాడు ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, భుజాన వాక్యూం పంపు వేలాడేసుకుని ఎక్కుతాడు. నత్రజని సిలిండరుకు తాడు కట్టి పైనుంచి ఇద్దరు లాగుతారు. తీరా పైకి చేరితే పిట్టగోడ మోకాలెత్తు. యూనిట్లు ఆ గోడ పక్కనే ఉన్నాయి, సర్వీసు ప్యానెల్ రోడ్డు వైపు. అటు తిప్పితే నాలుగడుగుల కాపర్ పైపు కలిసొచ్చిందట ఎవరికో. ఆ స్క్రూలు విప్పాలంటే వీపు రోడ్డు వైపు పెట్టి నిలబడాలి.

పిట్టగోడ మీటరుకు తగ్గకూడదని జాతీయ భవన నియమావళిలోనే ఉంది. ఆ మాటే ఓనరుగారితో అన్నాను.

"గోడ లేపితే బోర్డు కనపడదు కదండీ!"

"మా వాడు పడితేనో?"

"జాగ్రత్తగా చేసుకోమనండి. చిన్నపిల్లాడా?"

మా వాడికి సేఫ్టీ బెల్టు కొనిచ్చాను. దాని కొక్కెం తగిలించడానికి ఆ మేడంతా వెతికితే దొరికింది నీళ్ల ట్యాంకు పైపు ఒక్కటే. అదీ ప్లాస్టిక్‌ది.

అమెరికాలో సూపర్‌మార్కెట్ల కప్పుల మీద పెద్ద పెద్ద పెట్టెలు కనిపిస్తాయి. వేసవిలో చల్లగాలి, చలికాలంలో వేడిగాలి రెండూ ఆ పెట్టెలోంచే. అక్కడ ఎక్కువ రాష్ట్రాలు అనుసరించే మెకానికల్ కోడ్ ప్రకారం అలాంటి యంత్రం కప్పు అంచుకు పది అడుగుల లోపు ఉంటే రెయిలింగ్ పెట్టాలి. వాళ్లు మనకంటే మంచివాళ్లని కాదు. ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు, అంతే.

దారి తర్వాత గాలి. కంపెనీలు చెప్పే టన్నుల లెక్క, అంటే చల్లబరిచే సత్తా, బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. రోహిణి కార్తెలో మా ఊరి మేడ మీద ఆ 35 పొద్దున్నే దాటిపోతుంది. పది టన్నుల యంత్రం లోపలి వేడితో పాటు తన కంప్రెసరు తిన్న కరెంటు వేడిని కూడా బయటికి ఊదాలి. అన్నీ కలిపితే పన్నెండు టన్నులు దాటే వేడి. ఎలివేషన్ చెడిపోతుందని చుట్టూ అల్యూమినియం (ఏసీపీ) షీట్లు కొట్టిస్తే, ఊదిన వేడిగాలినే అది మళ్లీ పీల్చుకుంటుంది. ప్రెషర్ పెరిగి సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి ట్రిప్ అవుతుంది. వెంటనే ఫోను: "గ్యాస్ అయిపోయినట్టుంది, వచ్చి నింపి పోండి." గ్యాస్ అయిపోదు స్వామీ! ఎక్కడా లీకు లేకపోతే యంత్రం బతికినన్నాళ్లూ అదే గ్యాస్ తిరుగుతుంది. ఒక చోట గేజి పెట్టి చూపించి, రెండు షీట్లు ఊడదీయించాను. యంత్రం నడిచింది. సాయంత్రం ఆర్కిటెక్టుగారు ఫోన్ చేసి షీట్లు మళ్లీ బిగించమన్నారు.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదనీ, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుందనీ చాలామందికి తెలియదు. కోచింగ్ సెంటర్లలో వంద మంది పిల్లలను కూర్చోబెట్టి కిటికీలు మూసేస్తారు. తాజాగాలికి వేరే ఫ్యాను, డక్టు కావాలి. వాటికీ చోటు మేడే.

ఇదంతా ఖర్చు పెంచే వ్యవహారమంటారు. గోడ మరో రెండడుగులు లేపడం, మెట్లు మరో అంతస్తు పోయడం, నాలుగు దిమ్మెలు, బెల్టు తగిలించడానికి రెండు ఇనుప కొక్కేలు. షోరూంలో పరిచే గ్రానైటు ముందు ఇదొక ఖర్చా? తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, వాణిజ్య భవనాల కప్పులు ఎండను తిప్పికొట్టేలా ఉండాలంది. చాలా మంచి పని. కప్పు ఎలా ఉండాలో చెప్పగలిగిన ప్రభుత్వాలు ఆ కప్పు మీదికి మెట్లు ఉండాలని చెప్పలేవా?

ఓనర్లకు ఒక మాట. స్లాబు పోయకముందే ఏసీ వాణ్ని పిలిచి ఒక్క గంట కూర్చోబెట్టుకోండి, కాఫీ ఇచ్చినా ఇవ్వకపోయినా ఫర్వాలేదు. టౌన్‌ప్లానింగ్ అధికారులకు మరో మాట. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే ముందు మేడ ఎక్కి చూడండి. మీరు ఎక్కలేకపోతే సంతకం పెట్టకండి.