మౌనం బ్రహ్మచర్యం కాదు



యౌవనారంభంలో ఉన్న బాలబాలికలకు దేహధర్మాలను, స్త్రీపురుష సంబంధాల మర్యాదను బోధించాలని ఎవరైనా ప్రస్తావించగానే మన సమాజంలో ఒక ఆక్షేపణ వినవస్తుంది: “ఇది పాశ్చాత్యుల పోకడ, మన సంప్రదాయంలో ఇటువంటి మాటలకు తావు లేదు.” 2007లో కౌమారవిద్యా పాఠ్యక్రమాన్ని కొన్ని రాష్ట్రాలు నిలిపివేసినప్పుడు కూడా సంస్కృతి పేరే వినిపించింది. ఈ మాట పలికేవారిలో అధికులు సజ్జనులు, సంతానంపై వాత్సల్యం కలవారు. అయినా వారు సమర్థిస్తున్న మౌనాన్ని సంప్రదాయం వారికి నేర్పలేదు. మన బిడియాన్ని కాపాడుకొనడానికి శాస్త్రాన్ని అడ్డుపెట్టుకొనడం శాస్త్రానికే అపచారం.

ముందుగా పూర్వపక్షాన్ని న్యాయంగా నిలుపుదాం. “తెలియని విషయం మీదికి మనస్సు పోదు, తెలిపితే కోరిక పుడుతుంది. బ్రహ్మచర్యం పాటించవలసిన వయస్సులో కామప్రసంగం నిప్పులో నెయ్యి పోయడమే.” ఈ వాదం తేలికగా తోసివేయదగినది కాదు. భోగించిన కొద్దీ కోరిక పెరుగుతుందని యయాతి చరిత్ర మనకు చెప్పనే చెప్పింది. అయితే ఆ చరిత్ర హెచ్చరించినది భోగాన్ని గురించి. బోధను గురించి ఎంతమాత్రం కాదు. అగ్నిని ఆరాధించేవాడు దానిని ఎక్కడ ప్రతిష్ఠించాలో, ఎంత దూరంలో కూర్చోవాలో మొదట నేర్చుకుంటాడు. ఇంట్లో అగ్ని ఉన్నదన్న సంగతే దాచిపెట్టి పిల్లలను తిరగనిస్తే కాలేది వారి చేతులే.

ఇక సిద్ధాంతం. ఛాందోగ్యోపనిషత్తులో శ్వేతకేతువు పాంచాలసభకు వెళతాడు. ప్రవాహణ జైవలి అడిగిన ఐదు ప్రశ్నలకూ సమాధానం చెప్పలేకపోతాడు. వాటిలో చివరి ప్రశ్న మానవజన్మను గురించినది: ఐదవ ఆహుతిలో జలం పురుషుడని పిలువబడే స్థితికి ఎలా వస్తుంది? ఖిన్నుడై తిరిగివచ్చిన కుమారుణ్ణి తండ్రి గౌతముడు కోపించలేదు, నోరు మూయించలేదు. తనకూ తెలియదని చెప్పి, తెలిసిన రాజు వద్దకు తానే వెళ్ళి అర్థించాడు. అలా లభించిన పంచాగ్నివిద్యలో స్త్రీ ఐదవ అగ్ని, గర్భోత్పత్తి హోమం. పిల్లలు అడిగితే ఏమి చెప్పాలో తెలియదని వాపోయే తల్లిదండ్రులకు ఇంతకన్నా ఆదర్శం ఏమి కావాలి? తెలియకపోతే నేర్చుకొని రావాలి.

షోడశ సంస్కారాలలో మొదటిది గర్భాధానం. నిద్రలో అప్రయత్నంగా స్ఖలనం కలిగిన బ్రహ్మచారికి మనుస్మృతి విధించినది స్నానం, సూర్యారాధన, ఒక ఋక్కును ముమ్మారు జపించడం మాత్రమే. 16 ఏండ్లు నిండని స్త్రీయందు 25 ఏండ్లు నిండని పురుషుని వలన కలిగే గర్భానికి ఆపద తప్పదని సుశ్రుతసంహిత హెచ్చరించింది. ఋషులు, స్మృతికర్తలు, వైద్యాచార్యులు సిగ్గుపడకుండా చెప్పిన విషయాలు మన నోట పలకగానే అపవిత్రమవుతాయా?

మౌనానికి మూల్యం ఎంతో తెలియాలంటే మహాభారతంలో కుంతీదేవిని స్మరించాలి. దుర్వాసుడు ఆ బాలికకు దేవతలను రప్పించే మంత్రం ఇచ్చాడు. శక్తి చేతికి వచ్చింది. దాని పర్యవసానం వివరించేవారు లేరు. కుతూహలంతో మంత్రం జపించి, సూర్యుడు ఎదుట నిలువగానే భయపడి, తాను కన్యననీ, తల్లిదండ్రుల అధీనంలో ఉన్నాననీ, మరలిపొమ్మనీ వేడుకొన్నది. ఆ నిరాకరణ చెల్లలేదు. గర్భాన్ని దాది తప్ప ఎవరూ ఎరుగకుండా మోసి, కన్నబిడ్డను పెట్టెలో ఉంచి నదిలో విడిచింది. యుద్ధం ముగిసి, గంగాతీరంలో మృతులకు తర్పణం విడిచేవేళ కానీ ఆమె ఆ సంగతి పాండవులకు చెప్పలేదు. అప్పటికి అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకొన్నారు. ఇంట్లో ఒక్క పెద్దవారితోనైనా చెప్పుకొనగలిగి ఉంటే ఆ కథ మరోలా నడిచేది. నేడు మన ఇళ్ళలో ఎందరు బాలికలు అదే భయంతో నోరు మూసుకొని ఉన్నారో ఆలోచించండి.

మన ఆచారంలోని వైరుధ్యం చూడండి. బాలిక రజస్వల కాగానే చాపపై కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, ఫ్లెక్సీలు కట్టించి, ఊరందరినీ పిలిచి భోజనాలు పెడుతున్నాం. ఊరంతటికీ చాటిన విషయాన్ని ఆ బిడ్డకు వివరించామా? తన దేహంలో ఏ మార్పు జరిగిందో, ఋతుచక్రం అంటే ఏమిటో, ఇక ఏ జాగ్రత్త అవసరమో చెప్పేవారు ఆ పందిట్లో ఎందరు? బాలుర సంగతి మరీ దయనీయం. వటువుకు ఉపనయనంలో బ్రహ్మచర్యం ఉపదేశిస్తాం. నిగ్రహించవలసినది ఏమిటో, ఎందుకో చెప్పం. స్వప్నస్ఖలనానికి బెదిరిన పిల్లవాడు బస్టాండు గోడమీది ప్రకటన చూసి, లాడ్జిలో కూర్చున్న నకిలీ వైద్యుని పాలవుతున్నాడు. మిగిలిన పాఠం అరచేతిలోని ఫోను చెబుతుంది. అందులోని అశ్లీల చిత్రాలు స్త్రీని భోగవస్తువుగా, బలాత్కారాన్ని పౌరుషంగా చూపుతాయి. మనం మౌనంగా ఉన్నంత మాత్రాన బోధ ఆగలేదు, బోధకుడు మారాడు.

కొన్ని లెక్కలు కూడా చూడాలి. కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో ప్రకటించిన అధ్యయనంలో, ప్రశ్నించిన బాలలలో 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక హింసకు గురైనట్లు చెప్పారు. హింసించినవారిలో సగం మంది ఎరిగినవారు, నమ్మకస్తులు. బంధుత్వం, గురుస్థానం, కాషాయం, యజ్ఞోపవీతం ఇవేవీ హామీలు కావు. తన అవయవాల పేర్లే తెలియని పసిబిడ్డ తనకు జరిగిన అన్యాయాన్ని ఏ భాషలో చెప్పగలదు?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుండి 24 ఏండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైగా 18 నిండకముందే వివాహితులు. “అమ్మాయి ఎవరితోనో మాట్లాడుతున్నది, త్వరగా ముహూర్తం పెట్టండి” అని జాతకంతో వచ్చే తండ్రులను పురోహితులందరూ ఎరుగుదురు. బోధించవలసిన చోట మౌనం వహించి, భయం వేయగానే పెళ్ళి చేయడం ధర్మరక్షణ కాదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం అటువంటి పెళ్ళి జరిపించినవారికి రెండేండ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. చట్టం లేకపోయినా సుశ్రుతుని హెచ్చరిక చాలదా? అటువంటి పీటల ముందు మంత్రం చదవనని పురోహితులు స్పష్టంగా చెప్పాలి. అలాగే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 నిండనివారి సమ్మతి చట్టం దృష్టిలో సమ్మతే కాదని ప్రతి యువకుడికీ ముందుగా తెలియాలి. ఈ సంగతి కేసు నమోదైన తరువాత తెలిసి ఏమి లాభం?

ఇంతటితో రెండవ పక్షానికి కూడా ఒక మాట. వ్యాధుల పట్టిక, గర్భనిరోధక సాధనాల వివరణ చెప్పి బాధ్యత తీరిందనుకొనేవారి బోధ కూడా అసంపూర్ణమే. ఆ జ్ఞానం అవసరం. దానిని ధరించే సంస్కారం మరింత అవసరం. సప్తపదిలో ఏడవ అడుగు సఖ్యం కొరకు. సఖ్యంలో బలవంతానికి చోటు లేదు. వేదాధ్యయనం చేసిన రావణుడు సీతమ్మ నిరాకరణను గౌరవించలేకపోయాడు; ఆ చదువు అతన్ని రక్షించలేదు. 2008లో వరంగల్లులో ప్రేమ నిరాకరించినందుకు ఇంజనీరింగ్ విద్యార్థినులపై ఆమ్లం చల్లిన ఘాతుకాన్ని మనం మరువరాదు. ‘వద్దు’ అన్న మాటను గౌరవించడం ఇంట్లో మగపిల్లలకు మొదట నేర్పవలసిన దమం.

కనుక నా విన్నపం ఇది. శిశువుకు అక్షరాలతోపాటే తన శరీరం తనదని, ఎవరు తాకరాని చోట తాకినా అమ్మకు చెప్పాలని నేర్పండి. పదేండ్లు దాటగానే రానున్న మార్పులను బాలికకూ బాలునికీ ముందుగా వివరించండి. పదునాలుగు దాటినవారితో ఆకర్షణ, నిగ్రహం, సమ్మతి, గర్భం, వ్యాధులు, చట్టం గురించి దాపరికం లేకుండా మాట్లాడండి. ధర్మకర్తలు సంవత్సరంలో ఒక దినమైనా వైద్యురాలిని ఆలయమండపానికి పిలిపించి తల్లులకు, పిల్లలకు చెప్పించాలి. ఆపదలో ఉన్న బాలల కొరకు ఉన్న 1098 సంఖ్యను నోటీసు బోర్డుపై సేవల ధరల పక్కనే వ్రాయించాలి.

బ్రహ్మచర్యం తెలిసి పాటించే వ్రతం. తెలియనివానికి వ్రతమూ లేదు, వ్రతఫలమూ లేదు. ఈ రాత్రే మీ పిల్లల పక్కన కూర్చొని, వారు అడగదలచినది అడగనివ్వండి.

స్వస్తి.