చవక నైట్రస్ కిట్, హజీరా ఎండ

నైట్రస్ ఆక్సైడ్ తనంతట తాను మండే వాయువు కాదు. ఇంజిన్‌లోకి వెళ్లి సుమారు 300 డిగ్రీల వేడి తగిలాక నైట్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. బరువు లెక్కన మామూలు గాలిలో ఆక్సిజన్ 23 శాతం ఉంటే ఈ వాయువులో 36 శాతం ఉంటుంది. ఆక్సిజన్ ఎక్కువైతే అదే ఇంజిన్‌లో ఎక్కువ పెట్రోలు కాలుతుంది, ఆ మేరకు బలం పెరుగుతుంది. బాటిల్‌లో ద్రవంగా ఉన్న నైట్రస్ బయటపడగానే మైనస్ 88 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరవుతూ ఇంజిన్ పీల్చే గాలిని చల్లబరుస్తుంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి అదీ కలిసొస్తుంది. టర్బో వేయించాలంటే మానిఫోల్డ్, ఇంటర్‌కూలర్, పైపులు, రీమ్యాప్ అన్నీ కావాలి. ఒక్కో హార్స్ పవర్‌కు ఎంత ఖర్చయిందని చూస్తే నైట్రస్ కంటే తక్కువలో తేలే పద్ధతి దాదాపు లేదు. జీతం డబ్బుతో కారు మాడిఫై చేయించుకునేవాళ్ల చూపు దీనిమీద పడేది అందుకే.

ఈ వాయువును జోసెఫ్ ప్రీస్ట్లీ 1772లో తొలిసారి తయారుచేశాడు. పళ్ల డాక్టర్ల చేతిలో మత్తుమందుగా పేరు తెచ్చుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాలు ఎత్తుకు వెళ్లినప్పుడు పలచబడే గాలికి విరుగుడుగా జీఎం-1 అనే ఏర్పాటుతో దీన్ని వాడాయి. అమెరికాలో 1978లో పుట్టిన ఎన్ఓఎస్ కంపెనీ దీన్ని కారు కుర్రకారుకు అందుబాటులోకి తెచ్చింది. 2001లో వచ్చిన ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమాతో ఆ పేరు ప్రపంచమంతా పాకింది. నైట్రస్ అంటే ఒక బటన్, ఒక నీలి బాటిల్ అనే భ్రమ కూడా ఆ తెర మీదనుంచి దిగిందే.

కిట్ పెట్టె విప్పితే బాటిల్, దాని వాల్వు, ఉక్కు అల్లిక తొడిగిన గొట్టం, కరెంటు తగలగానే తెరుచుకునే సొలెనాయిడ్, నాజిల్, సన్నటి రంధ్రాలున్న ఇత్తడి జెట్‌లు, రిలే, స్విచ్‌లు ఉంటాయి. ఇందులో ప్రధానంగా మూడు రకాలు. డ్రై కిట్ నైట్రస్‌ను మాత్రమే చల్లుతుంది. దానికి తగ్గ పెట్రోలును కారు ఇంజెక్టర్లే ఇచ్చుకోవాలి. వెట్ కిట్‌లో రెండో సొలెనాయిడ్ పెట్రోలును కూడా అదే నాజిల్‌కు తెచ్చి కలిపి చల్లుతుంది. డైరెక్ట్ పోర్ట్‌లో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో నాజిల్ ఉంటుంది. అది రేసు ఇంజిన్ల సంగతి, తక్కువ బడ్జెట్‌లో దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

ధరలో డ్రై కిట్ తక్కువగా కనిపిస్తుంది. కానీ మన దేశంలో ఎక్కువగా తిరిగే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి గాలి కొలత మ్యాప్ సెన్సర్ మీద నడుస్తుంది. అది మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని చూస్తుందే గానీ, లోపలికి వచ్చింది గాలో నైట్రసో పసిగట్టలేదు. అదనపు ఆక్సిజన్ వచ్చిందని తెలియక, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూ పాత లెక్కనే పెట్రోలు పోస్తుంది. మిశ్రమం పలచబడి పిస్టన్ తల కరిగిపోతుంది. దాన్ని తప్పించాలంటే ఈసీయూ రీమ్యాప్ చేయించాలి, ఆ ఖర్చు కలిస్తే డ్రై కిట్ చవక కాదు. ఇలాంటి కార్లకు చిన్న వెట్ కిట్టే సరైన ఎంపిక. అందులోనూ ఒక జాగ్రత్త ఉంది. ఈ కార్ల ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది, గాలి కోసమే మలిచింది. నాజిల్‌ను థ్రాటిల్ బాడీకి దూరంగా పెట్టినా, తక్కువ ఆర్‌పీఎంలో స్విచ్ నొక్కినా పెట్రోలు మానిఫోల్డ్ అడుగున గుంటకట్టి, ఒక్క బ్యాక్‌ఫైర్‌తో మానిఫోల్డ్‌నే పగలగొడుతుంది. 3000 ఆర్‌పీఎం దాటాకే తెరుచుకుని, రెడ్‌లైన్‌కు కొన్ని వందల ముందే మూసుకునే విండో స్విచ్ కొనడం అందుకే తప్పనిసరి. రెడ్‌లైన్ దగ్గర కారు లిమిటర్ ఇంజెక్టర్లను ఆపేస్తుంది. పెట్రోలు ఆగిన ఆ క్షణంలో నైట్రస్ మాత్రం వస్తూనే ఉంటే ఇంజిన్ మిగలదు.

ఎంత షాట్ వేయాలన్నది, అంటే నైట్రస్‌తో ఎంత బలం కలపాలన్నది తర్వాతి ప్రశ్న. పోతపోసిన మామూలు పిస్టన్లున్న కంపెనీ ఇంజిన్‌కు అసలు బలంలో మూడో వంతు దాకా కలిపితే గ్యారేజ్‌లవాళ్లు సాహసమనరు. పాత మారుతీ స్విఫ్ట్‌లోని 83 హార్స్ పవర్ 1.2 లీటర్ ఇంజిన్‌కు ఆ లెక్కన 25 హార్స్ పవర్ షాట్ సరిపోతుంది. మాడిఫికేషన్‌లో పాతకాపు అయిన 106 హార్స్ పవర్ హోండా సిటీ వీటెక్‌కు 35 దాకా వెళ్లొచ్చు. ఒకే కిట్‌లో జెట్ మార్చి 35 నుంచి 75 దాకా పెంచుకోవచ్చని పెట్టె మీద రాసి ఉంటుంది. ఆ 75 కిట్ మోయగలిగిన బరువు, ఇంజిన్ మోయగలిగినది కాదు. ప్రతి 50 హార్స్ పవర్‌కు ఇగ్నిషన్ టైమింగ్‌ను రెండు డిగ్రీలు వెనక్కి జరపడం, ఒక మెట్టు చల్లటి స్పార్క్ ప్లగ్‌లు వేయడం ఈ రంగంలో స్థిరపడ్డ పద్ధతి.

పెట్రోలు వైపు మన దేశంలో ఇప్పుడొక కొత్త లెక్క చేరింది. బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి ఈ-20 ఎక్కువ మోతాదులో కావాలి. మామూలుగా నడిచేటప్పుడు ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్‌ను చూసి సర్దుకుంటుంది, నైట్రస్ నాజిల్‌లోని ఇత్తడి జెట్ సర్దుకోలేదు. స్వచ్ఛమైన పెట్రోలు కోసమో పది శాతం ఇథనాల్ కోసమో అమెరికాలో లెక్కకట్టిన జెట్‌ల జతను యథాతథంగా బిగిస్తే మిశ్రమం కొంత పలచగా వస్తుంది. పెట్రోలు జెట్ ఒక సైజు పెద్దది వేసి మొదలుపెట్టడం క్షేమం. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబర్‌లో తెచ్చిన 100 ఆక్టేన్ ఎక్స్‌పీ-100 దొరికే ఊళ్లలో పోటీ రోజుకు దాన్నే పోయించడం మంచిది. మిశ్రమం వేళ తప్పి పేలే నాకింగ్‌ను ఆపడానికి పెట్టే ఖర్చులో ఇంతకంటే చవకైనది లేదు. పాత ఫ్యూయల్ పంపుతో ఈ పని తలపెట్టకూడదు. పెట్రోలు ఒత్తిడి పడిపోగానే నైట్రస్‌ను ఆపేసే ప్రెషర్ స్విచ్ చిన్న ఖర్చే, అయినా చవక కిట్లలో అది ఉండదు.

సూరత్ దగ్గరున్న హజీరాలో కిట్ ఎంపికను తేల్చేది మాత్రం ఎండ. నైట్రస్ ఆక్సైడ్ సందిగ్ధ ఉష్ణోగ్రత 36.4 డిగ్రీలు. అంతకు దిగువన బాటిల్‌లో ద్రవం, దాని మీద ఆవిరి ఉంటాయి. ఒత్తిడిని వేడే నిర్ణయిస్తుంది. 20 డిగ్రీల దగ్గర ఆ ఒత్తిడి సుమారు 735 పీఎస్ఐ, 30 దగ్గర 910, 36 దాటేసరికి 1050. కంపెనీలు జెట్‌ల సైజులు లెక్కగట్టేది 900 నుంచి 1000 పీఎస్ఐ మధ్యన. చలిదేశాల్లో ఆ ఒత్తిడి తెప్పించడానికి బాటిల్ చుట్టూ హీటర్ చుడతారు, పెద్ద కిట్లలో దాన్ని అదనపు హంగుగా కలిపి అమ్ముతారు. తపతి మొగలో, సముద్రం పక్కనున్న హజీరాలో ఏడాదిలో చాలా నెలల మధ్యాహ్నాలు బాటిల్‌ను ఉత్తినే ఆ ఒత్తిడికి తీసుకొస్తాయి. ఇక్కడ హీటర్‌కు పెట్టే డబ్బు వృథా. ఆ డబ్బుతో మంచి ప్రెషర్ గేజ్, బాటిల్ మీద కప్పడానికి దళసరి కవర్ కొనుక్కోవచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో మూసిన కారు డిక్కీ 36 డిగ్రీల గీతను సునాయాసంగా దాటుతుంది. ఆ గీత దాటితే లోపల ద్రవం, ఆవిరి అనే తేడా ఉండదు. బాటిల్ ఎంత నింపి ఉంటే ఒత్తిడి అంత వేగంగా ఎగబాకుతుంది. పెట్రోలు మాత్రం పంపు ఇచ్చే స్థిరమైన ఒత్తిడితోనే వస్తుంది. నైట్రస్ వైపు బలం పెరిగి పెట్రోలు వైపు పెరగకపోతే మిశ్రమం పలచబడుతుంది. పొద్దున సరిగ్గా నడిచిన అదే జెట్ మధ్యాహ్నం ప్రమాదమవుతుంది. గేజ్ 1000 పైన చూపిస్తే బాటిల్ మీద తడి గుడ్డ కప్పి, ముల్లు దిగేదాకా ఆగడమే దారి. జనవరి తెల్లవారుజామున పరిస్థితి తిరగబడుతుంది, ఒత్తిడి తక్కువై పెట్రోలు ఎక్కువై బలం తగ్గుతుంది. దానితో నష్టం లేదు.

బాటిల్ వాల్వుకు సుమారు 3000 పీఎస్ఐ దగ్గర చిట్లే పల్చటి లోహపు బిళ్ల ఉంటుంది. అది చిట్లితే వాయువంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. వాల్వు నుంచి కారు బయటికి ఒక గొట్టం వేసి ఉండకపోతే ఆ వాయువు డ్రైవర్ కూర్చున్న చోటే నిండి ఊపిరాడనివ్వదు. చవక కిట్లలో ఎక్కువగా ఎగ్గొట్టే భాగం ఈ గొట్టమే. ఓఎన్‌జీసీ గ్యాస్ ప్లాంటు, క్రిబ్‌కో ఎరువుల కర్మాగారం, 2005లో మొదలైన ఎల్ఎన్‌జీ టెర్మినల్ ఉన్న ఊళ్లో రిలీఫ్ వాల్వు ఎందుకుంటుందో పనివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ప్లాంటులో పర్మిట్ లేనిదే ఫ్లాంజి బోల్టు విప్పని మనిషి సొంత కారు డిక్కీలో అంతే ఒత్తిడిని తాడుతో కట్టి ఉంచడం తగదు. బాటిల్‌కు కంపెనీ బ్రాకెట్లే వాడాలి. వాల్వు కారు ముందువైపుకు, కొంచెం ఎత్తుగా, లేబుల్ పైకి ఉండేలా బిగించాలి. లోపలి గొట్టం వంపు తిరిగి వెనక అడుగున ఉంటుంది, కారు దూకినప్పుడు ద్రవం చేరేది అక్కడికే.

అమెరికాలో పేరున్న కంపెనీల తొలి మెట్టు వెట్ కిట్ ఆరేడు వందల డాలర్ల నుంచి మొదలవుతుంది. రవాణా, కస్టమ్స్ లేకుండానే యాభై వేల రూపాయలు దాటుతుంది. అందుకే సెకండ్ హ్యాండ్ వైపు మనసు మళ్లుతుంది. పాత కిట్‌లో నాజిల్, జెట్‌లు, బ్రాకెట్లు నిర్భయంగా కొనొచ్చు. సొలెనాయిడ్ మాత్రం విప్పి చూడాలి. లోపలి ప్లంజర్ అడుగున ఉన్న రబ్బరు సీలు ఉబ్బినా, దాని మీద వాల్వు అంచు గుండ్రంగా లోతుగా అచ్చుపడినా అది పూర్తిగా మూసుకోదు. సొలెనాయిడ్ ఆపి ఉంచి బాటిల్ తెరిచి, బయటి కొసను నీళ్ల గిన్నెలో ముంచితే ఒక్క బుడగ కూడా రాకూడదు. రిపేర్ కిట్ వేస్తే చాలావరకు బాగవుతుంది. గొట్టాల జాయింట్లకు తెల్ల టేపు చుట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు, తెగిన టేపు ముక్క సొలెనాయిడ్‌లో ఇరుక్కుంటే అది తెరుచుకునే ఉండిపోతుంది. నూనె, గ్రీజు తగలనివ్వకూడదు.

పాత బాటిల్‌ను, విదేశీ బాటిల్‌ను మాత్రం కొనకపోవడమే మేలు. గ్యాస్ సిలిండర్ల నిబంధనలు 2016 ప్రకారం నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో ఆమోదం లేని సిలిండర్‌ను ఈ దేశంలో నింపడం, దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధం. ఆసుపత్రులకు వెళ్లే నైట్రస్ మందుల చట్టం కిందికి వస్తుంది. దాన్ని దారి మళ్లించడం రోగి నోటి దగ్గరది లాక్కోవడమే. సూరత్ కార్లలో సీఎన్‌జీ సిలిండర్ మామూలు దృశ్యం. దానికి ఆమోదముద్ర, మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు, ఆర్‌సీలో నమోదు ఉన్నాయి. నైట్రస్‌కు ఆర్‌సీలో నమోదయ్యే దారే లేదు. సీఎన్‌జీ ఉన్న కారుకు నైట్రస్ ఆలోచన అసలు పనికిరాదు.

కారు రోడ్డెక్కాక చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన ప్రమాణాలు మార్చకూడదంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు దాన్ని ఖాయం చేసింది. 2019 సవరణ తెచ్చిన 182-ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. రోడ్డు మీద పందెం వేస్తే 189వ సెక్షన్ విడిగా ఉంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చెప్పని మార్పును చూపి క్లెయిమ్ తిరస్కరించగలదు. హజీరాలో మొదలై ఒడిశాలోని పరదీప్ దాకా సాగే 53వ జాతీయ రహదారి మీద ఇచ్ఛాపోర్ దాకా ఉక్కు కాయిళ్ల ట్రైలర్లు, గ్యాస్ ట్యాంకర్లు, షిఫ్టు బస్సులు, వాటి మధ్యన సైకిళ్లు. నైట్రస్ నొక్కడానికి ఆ రోడ్డు మీద న్యాయమైన వేళ ఏదీ లేదు, అర్ధరాత్రి కూడా.

కాబట్టి కిట్ కొనేది దేశంలో మోటార్ క్రీడల సమాఖ్య అయిన ఎఫ్ఎంఎస్‌సీఐ అనుమతి ఉన్న డ్రాగ్ పోటీలకే. లోణావాలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ అలాంటి పోటీలకు వేదికలయ్యాయి. నైట్రస్‌ను ఏ తరగతిలో అనుమతిస్తారో, బాటిల్‌కు ఏ కాగితాలు అడుగుతారో నిబంధనల్లో చదివాకే డబ్బు తీయాలి. కారును అక్కడికి ట్రైలర్ మీద, బాటిల్ లేకుండా తీసుకెళ్లాలి. 4.5 కిలోల బాటిల్ 50 హార్స్ పవర్ షాట్‌కు మూడు నిమిషాల పైన వస్తుంది. ఒక్కో పరుగులో నైట్రస్ నడిచేది కొన్ని సెకన్లే కాబట్టి ఒక రోజు పోటీకి ఒక్క బాటిల్ ధారాళం. ఎంత మిగిలిందో గేజ్ చెప్పదు, తూకం వేసి తెలుసుకోవాలి.

మొదటి పరుగు అన్నిటికంటే చిన్న జెట్‌తో చేయాలి. గీత దాటగానే ఇంజిన్ ఆపేసి, కారును తోసుకుంటూ తెచ్చి, ప్లగ్‌లు విప్పి పింగాణీని భూతద్దంలో చూడాలి. లేత గోధుమరంగు అయితే మిశ్రమం కుదిరినట్టు. మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు కనిపిస్తే నాకింగ్ మొదలైంది. సన్నటి వెండి పూసలు మెరిస్తే అది పిస్టన్ నుంచి లేచిన అల్యూమినియం, ఆ రోజుకు బాటిల్ వాల్వు మూసేయాలి. నల్లచుక్కలే అయితే పెట్రోలు జెట్ ఒక సైజు పెంచి, టైమింగ్ ఇంకో డిగ్రీ వెనక్కి తీసి, కొత్త ప్లగ్‌లతో అదే చిన్న షాట్‌ను మళ్లీ పరుగెత్తించాలి. నాలుగు ప్లగ్‌లూ శుభ్రంగా వచ్చాకే పై జెట్.