ఆరోగ్య వాణి: బలహీన హృదయమునకు బైపాస్

శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) నుండి గుండె శస్త్రచికిత్సకై సముద్రము దాటి చెన్నై వెళ్లు కుటుంబమును వేధించు సందేహమొకటి కలదు: "ఇంత నీరసించిన గుండె ఆపరేషన్‌ను తట్టుకొనగలదా?"

ఆరోగ్యవంతుని ఎడమ జఠరిక ప్రతి స్పందనలో తనలోని రక్తమును సుమారు 55 నుండి 70 శాతము వెలువరించును. ఇది 35 శాతము, అంతకు తక్కువైన 1,212 మందిపై స్టిచ్ అను అంతర్జాతీయ అధ్యయనము జరిగినది. 2016లో ప్రకటించిన సుమారు పదేండ్ల ఫలితములలో, మందులు మాత్రమే వాడినవారిలో 66 శాతము, మందులతోపాటు బైపాస్ పొందినవారిలో 59 శాతము మరణించిరి. అయితే తొలినాళ్లలో ముప్పు శస్త్రచికిత్స వర్గమునకే అధికము.

కావున వయస్సు, మూత్రపిండముల స్థితి, ఎకో నివేదికలను వైద్యుని ముందుంచి, చర్చించి నిర్ణయించుకొనవలెను. ఆపరేషన్ పిదపను మందులు మానరాదు. ద్వీపమునకు మరలునపుడు డిశ్చార్జి పత్రమును, సరిపడు మందులను మరువకుడు.