టైఫాయిడ్ అని ఎవరు చెప్పారు?

మా చిత్తూరు పక్క నాలుగు రోజులు జరం తగ్గకపోతే చాలు, ‘టైఫాయిడేమో, రక్తం చూపించు’ అంటారు. వీధి ల్యాబులో చేసేది ఎక్కువగా వైడాల్ టెస్టే. 1896 నాటి ఈ పరీక్ష బ్యాక్టీరియాను పట్టుకోదు, మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూపుతుంది. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్లో, వేరే జబ్బు వల్లో కూడా పాజిటివ్ రావచ్చు.

బ్యాక్టీరియానే పట్టాలంటే బ్లడ్ కల్చర్ చేయాలి. అది ఏ మందుకు లొంగుతుందో కూడా అందులోనే తెలుస్తుంది. ముందే యాంటీబయాటిక్ మింగేస్తే మాత్రం ఆ ఆధారం చెరిగిపోవచ్చు.

ఇంకో చిక్కుంది. పొదల్లోని చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ మామూలు కల్చర్‌లో పెరగదు. దానికి ఐజీఎం ఎలైజా చేయాలి. తిరుపతి స్విమ్స్ మైక్రోబయాలజీ వాళ్లు 2015లోనే దీనిమీద పరిశోధన పత్రం వేశారు. టైఫాయిడ్‌కని పొడిచే సెఫ్ట్రియాక్సోన్ దీనికి పనిచేయదు, చవకైన డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. పేరు తప్పితే ప్రాణానికే ముప్పు.

మందు ఆపమని నేను అనడం లేదు. రక్తం తీయడానికి ఐదు నిమిషాలు చాలు. ఇంట్లో ఎవరికైనా జరమొస్తే ఈసారి మనమే అడుగుదాం: ‘సార్, కల్చర్‌కి రక్తం తీశాక మందు మొదలుపెడదామా? స్క్రబ్ కూడా చూద్దామా?’