పుప్పిగోళ్లకు ముందు పరీక్ష, ఆ తర్వాతే మందు!

వరినాట్లు వేసే అక్కచెల్లెళ్లారా, పొద్దస్తమానం నీళ్లలో నానే పనులు చేసే అన్నదమ్ములారా!

కాలి బొటనవేలి గోరు పసుపు తిరిగి, మందమై, అంచు పొడిపొడిగా రాలుతుంటే మనం ఏం చేస్తున్నాం? మందుల షాపులో చూపిస్తున్నాం. వాళ్లిచ్చిన ట్యూబు తెచ్చి నెలల తరబడి పూస్తున్నాం. గోరు మాత్రం మారడం లేదు.

గోటిని ఇలా పాడుచేసే ఫంగస్ గోటి కింద ఉంటుంది. మామూలు క్రీము అంత గట్టి గోటిని దాటి లోపలికి దిగదు. క్లోట్రిమజోల్ వేళ్ల సందుల్లో దురదకు పనిచేస్తుంది గానీ, ముదిరిన గోటికి చాలదు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం స్టెరాయిడ్ కలిపిన ట్యూబులతో ఉంది. పెట్టె మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అన్న పేర్లుంటే అది స్టెరాయిడే. రెండు రోజుల్లో దురద తగ్గి, నయమైందనిపిస్తుంది. ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది, చర్మం పలచబడుతుంది. ఫంగస్ వల్లే వచ్చే తామర దేశమంతా మొండిగా ముదరడానికి ఈ కలిపిన క్రీముల వాడకం ఒక కారణమని చర్మవైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు.

పైగా చెడిన ప్రతి గోరూ ఫంగస్ కాదు. సోరియాసిస్‌కూ, దెబ్బకూ గోరు అలాగే అవుతుంది. తేల్చే పరీక్ష ఖరీదైనదేమీ కాదు. గోటి ముక్కను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి మైక్రోస్కోపు కింద చూస్తారు. టీబీకి కళ్లె చూసే మైక్రోస్కోపే దీనికీ సరిపోతుంది.

ఫంగస్ అని తేలితే మంచి మందులున్నాయి. కాలిగోటికి సాధారణంగా టెర్బినాఫిన్ 250 మి.గ్రా. మాత్ర రోజుకొకటి, 12 వారాలు వాడతారు. లివర్ సంగతి చూసుకుని డాక్టరే రాయాలి. కొత్త గోరు పూర్తిగా రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. గోరు ఇంకా మారలేదని మందు మధ్యలో మానొద్దు.

అందుకే మనం అడగాల్సినవి:

● స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దు. 2018లో కేంద్రం మరిన్ని స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు దాన్ని అమలు చేయించాలి.

● ప్రతి పీహెచ్‌సీలో గోటి పరీక్ష ఉచితంగా చేయాలి.

● షుగర్ మాత్రలిచ్చే రోజున కాళ్లు, గోళ్లు కూడా చూడాలి. షుగరున్నవారికి గోరు గీరుకున్న చిన్న పుండు కూడా కాలి మీదికి తెస్తుంది.

వచ్చే గ్రామసభలో ఈ మూడూ తీర్మానంగా పెట్టిద్దాం. అప్పటిదాకా చీటీ లేని ట్యూబు కొనొద్దు, ఇంకొకరి ట్యూబు పూసుకోవద్దు. పని నుంచి రాగానే కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడుచుకుందాం. గోరు రంగు మారితే డాక్టరుకే చూపిద్దాం!